మూడు దెబ్బలూ ఒక ఆపూ

పోయిన వారం మనం ఎడ్విన్‌ని ఏలూరులో, అతని ఇంటి గుమ్మంలో, చెవి దగ్గర ఫోనుతో వదిలిపెట్టి వచ్చాం. అవతల మాట్లాడింది నాని. "అమ్మ నాలుగో పాట వింది. నిన్నటినుంచి పొయ్యి వెలిగించలేదు. నువ్వొకసారి లంకకి రావాలి" అని చెప్పి, ఎందుకని అడిగే లోపలే పెట్టేశాడు.

ఆ నాలుగో పాట 'కిక్కిస' వాళ్ళ రెండో ఆల్బమ్‌లోది. కొల్లేట్లో మనిషెత్తు పెరిగే గడ్డి పేరే తమ బృందానికి పెట్టుకున్న ముగ్గురు వాళ్ళు. పాట, గిటారు ఎడ్విన్‌వి. కీబోర్డు గ్రేస్‌ది, ఏడాది కిందట ఆమె అతని భార్య అయింది. డ్రమ్స్ కొల్లేటి లంక కుర్రాడు నానివి. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు గోడౌనులో, ఊక బస్తాల మధ్య సాధన చేసి 2003లో మొదటి ఆల్బమ్‌ను క్యాసెట్‌గా తెచ్చారు. అయిదేళ్ళ తరువాత, ఇప్పుడు, 'లంక దాటాక' అనే రెండోది సీడీగా తయారైంది. ఆదివారం సాయంత్రం గూడెంలో ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియంలో విడుదల. ఇవాళ గురువారం.

నాలుగో పాట ముందు ఒక దోనె చప్పుడు ఉంటుంది. తాటిమాను తొలిచి చేసిన పడవ అంచు మీద కర్రతో కొట్టిన చప్పుడు. ముందుగా విన్నవాళ్ళందరికీ నచ్చింది అదే. ఎక్కడిదని అడిగితే, మద్రాసులో కొన్న శబ్దాల సీడీలోదని ఎడ్విన్ చెప్పాడు.

అది అబద్ధమని ఇంతవరకూ తెలిసింది అతనికీ, దేవుడికీ మాత్రమే.

*

పొద్దున్న తొమ్మిదింటికి ఏలూరులో ఆటో ఎక్కారు. గ్రేస్ ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి. పొయ్యి వెలగని ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళతామని పొద్దున్నే లేచి చేసింది.

ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు మొదలయ్యాయి. రెండేళ్ళ కిందట సర్కారు వాళ్ళు చేపల చెరువుల గట్లన్నీ కొట్టించేశారు. అంతకు ముందు గళ్ళ చీరలా కనబడే చోట ఇప్పుడు ఒకటే నీరు. అక్కడక్కడా మిగిలిపోయిన మట్టి దిబ్బల మీద కొంగలు నిలబడి ఉన్నాయి.

"ఏవండీ, ఒక మాట అడుగుతాను" అంది గ్రేస్.

గోడౌనులో, స్టేజీ మీద ఆమె అతన్ని పేరు పెట్టే పిలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు లిడియమ్మని నవ్వించడానికి మొదలుపెట్టిన ఆ 'ఏవండీ' ఈ మధ్య, ఏదైనా గట్టిగా అడగాలనుకున్నప్పుడే వస్తోంది.

"అడుగు."

"ఆ చప్పుడు ఏ సీడీలోదండి?"

"చెప్పాను కదా."

"ఆ సీడీ ఇంట్లో ఎక్కడా లేదు. నిన్న మీరు ఫోను పెట్టేశాక బీరువా అంతా వెతికాను."

"ఎవరికో ఇచ్చుంటాను."

"అందులో వెనకాల ఎవరో దగ్గుతారు. హెడ్‌ఫోను పెట్టుకుంటే వినబడుతుంది. శబ్దాల సీడీలు అమ్ముకునేవాళ్ళు దగ్గు ఉంచుతారా?"

ఎడ్విన్ బయటికి చూశాడు. గ్రేస్ క్యారేజీ పిడి గట్టిగా బిగించింది.

ఇంకో సంగతి కూడా ఆమెకు గుర్తొచ్చిందేమో తెలియదు. నెలకొకసారి గుడిలో ప్రభు బల్ల జరుగుతుంది. రొట్టె, ద్రాక్షారసం వరసలోంచి వరసకి వస్తాయి; తప్పు దాచుకున్నవాడు వాటిని ముట్టకూడదంటారు. మూడేళ్ళకు పైగా, సరిగ్గా ఆ వేళకి ఎడ్విన్ గిటారు తీగ ఏదో బిగించుకుంటూ ఉంటాడు. తీగ బిగింపు అయ్యేసరికి రొట్టె పళ్ళెం దాటిపోతుంది. మొదట్లో లిడియమ్మ, "సంగీతం సరే, నాయనా, దేవుడి బల్ల ముందు కూడా శ్రుతులేనా" అనేది. తరువాత ఆవిడా ఊరుకుంది. తీసుకోకూడనివాడు తీసుకోకపోవడం భక్తి అవుతుందా, భయం అవుతుందా? ఎడ్విన్ తనకు తాను ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాడు. జవాబు తెలిసే వేసుకున్నాడు.

*

రోడ్డు అయిపోయిన చోట నాని దోనెతో నిలబడి ఉన్నాడు. లుంగీ పైకి కట్టి, చేతిలో గెడ. ఎడ్విన్ దిగి, ఎప్పటిలా భుజం మీద చెయ్యి వేయబోతే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రండి ఎడ్విన్ గారూ. మధ్యలో కూర్చోండి. అంచు పట్టుకోకండి, ఒరుగుద్ది."

"గారు ఏంట్రా?"

"పెద్ద ఆర్టిస్టులు కదండి. సీడీ మీద మీ ఫొటో ఉంది కదండి."

ఎనిమిదేళ్ళ స్నేహంలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు, కొట్టుకున్నారు, నెల రోజులు మాట్లాడుకోకుండా కూడా ఉన్నారు. 'మీరు' అనుకోవడం మాత్రం ఎప్పుడూ లేదు. ఎడ్విన్ దోనె మధ్యలో కూర్చున్నాడు. గ్రేస్ అతని వెనకాల సర్దుకుంది.

నాని గెడ వేశాడు. దోనె ఒడ్డు వదిలింది.

"గ్రేసూ, నీకు చెబుతాను విను" అన్నాడు నాని. మాట ఆమెతో, చూపు నీళ్ళ మీద. "మావాళ్ళు దోనె అంచు మీద కర్రతో కొడతారు. చేపలు బెదిరి వలలోకి పోతాయి. ఆ దెబ్బ ఆగకుండా కొడతారు, దడదడమని. నేను డ్రమ్ము నేర్చుకుంది దాని మీదే. మీకందరికీ తెలిసిందే."

"తెలుసు. నువ్వే చాలాసార్లు చెప్పావు."

"ఇంకో దెబ్బ ఉంది. అది నేనెప్పుడూ వినలేదు. మనిషి నీళ్ళలో తప్పిపోతే కొట్టేది. నేను పుట్టాక రెండుసార్లే కొట్టారంట. మొదటిసారి నాకు మూడేళ్ళు. రెండోది నాన్నకి. అప్పుడు నేను గూడెంలో ఉన్నాను. కబురొచ్చి నేను చేరేసరికి ఒడ్డున పడుకోబెట్టేశారు."

నాని తండ్రి పెద్దింటయ్య పోయింది 2004 నవంబరులో. కిక్కిసలో వల తీస్తూ దోనె తిరగబడి, కాళ్ళకు వల చుట్టుకుపోయింది. అక్కడ నీరు గుండెల లోతు కూడా లేదు. కింద బురదే మనిషిని వదల్లేదు.

"ఆ దెబ్బ మూడు కొట్టి ఆపుతారు. మళ్ళీ మూడు, మళ్ళీ ఆపు. ఎందుకు ఆపుతారో తెలుసాండి ఎడ్విన్ గారూ?"

నాని గెడ బురదలో దించి దోనె ఆపాడు.

"వినడానికండి. తప్పిపోయినోడు గడ్డిలో ఎక్కడైనా ఉంటే, ఇంకా ఊపిరుంటే, ఆ ఆపులో పలుకుతాడని. ఆ కాసేపూ లంకలో ఎవరూ నోరు విప్పరంట. చంటిపిల్ల ఏడుస్తుంటే పాలిచ్చి మరీ ఊరుకోబెడతారంట. అమ్మ నిన్న చెప్పేదాకా నాకూ తెలీదు." గెడ బురదలోంచి లాగి మళ్ళీ వేశాడు. "మీరు ఆ ఆపులో గిటారు పెట్టారండి. బాగుంది అన్నాను నేను. నేనే అన్నాను, అక్కడ గిటారు బాగా పడిందని."

గ్రేస్ చెయ్యి ఎడ్విన్ వీపు మీద ఉంది, దోనె ఊగుతుందని పట్టుకుంది. ఆ చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

*

నాని తల్లి పెద్దింటమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, యాభై దాటింది. వీళ్ళని చూడగానే లేచి, చాప దులిపి మళ్ళీ పరిచింది.

"రామ్మా గ్రేసూ. రా బాబూ. ఎండలో పడి వచ్చారు. నానీ, నీళ్ళివ్వరా."

ఆ గొంతులో కోపం లేదు. ఎడ్విన్ తిడుతుందనే తయారై వచ్చాడు. తిట్లయితే తలొంచుకుని పడేవాడు.

వాకిట్లో ఒక పక్కన మట్టిపొయ్యి. లోపలి బూడిద తడిసి గట్టిగా పెళ్ళ కట్టింది. గ్రేస్ క్యారేజీ ముందు పెట్టి, "కొంచెం తినండమ్మా" అంది.

"తింటాను తల్లీ. ముందు ఒకటి అడిగి తింటాను." పెద్దింటమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మొన్న సాయంత్రం ఉల్లిపాయలు కోస్తా కూర్చున్నాను. వీడు టీవీ దగ్గర మీ పాటలు పెట్టాడు. మూడు పాటలు అయ్యాయి. నాకు ఆ గోల పెద్దగా తెలీదు గానీ, వీడు వాయించాడు కదా అని వింటన్నాను. నాలుగోది మొదలయింది. ఆ దెబ్బ మూడోసారి పడేసరికి లేచి చెంబుతో నీళ్ళు పొయ్యిలో పోసేశాను."

"ఎందుకమ్మా?" అంది గ్రేస్.

"అదే నాకూ తెలీలేదు. పోశాక చూసుకున్నాను. ఆ దెబ్బ వినబడితే లంకలో ఏ ఇంట్లోనూ పొయ్యి ఉండకూడదు. మనిషి దొరికేదాకా ఆడవాళ్ళం అందరం నీళ్ళ ఒడ్డుకి పోయి నిలబడతాం. చిన్నప్పటినుంచీ అంతే. చేతులకి అలవాటు, నాకంటే ముందు అవే పోసేశాయి." ఆమె కొంచెం నవ్వింది కూడా. "వీడు పరిగెత్తుకొచ్చి, అది పాటమ్మా, అది పాటమ్మా అంటన్నాడు."

నాని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నీళ్ళ చెంబు అతని చేతిలోనే ఉండిపోయింది.

"పాటేలే. పాట కాదనను. కానీ ఆ కొట్టింది మా అన్నయ్య గంగరాజు, బాబూ. వాడిది ఎడంచేతి వాటం. మూడో దెబ్బ కాసింత ఆలస్యంగా పడుద్ది. ఇంకెవరూ అలా కొట్టరు. ఆ రోజు నేను ఒడ్డున నిలబడి ఎన్ని లెక్కపెట్టానో నాకు తెలుసు. ఆ చప్పుడు మర్చిపోతానా?" ఎడ్విన్ మొహంలోకి చూసింది. "ఆ పొద్దున్న నువ్వెక్కడున్నావు బాబూ?"

చెప్పడానికి ఎడ్విన్ దగ్గర రెండు జవాబులున్నాయి. మద్రాసు సీడీ ఒకటి. అది ఇప్పటికే చాలామందికి చెప్పి నున్నగా అయిపోయింది, నోట్లోంచి సులువుగా జారుతుంది. గంగరాజులా కొట్టేవాడు ఇంకెక్కడో ఉన్నాడంటే ఈ అమ్మ కాదనదు. పెద్ద చదువులవాడు చెప్పాడని నమ్మినా నమ్ముతుంది. అతను నోరు తెరిచాడు. గ్రేస్ అతన్ని చూడటం లేదు. తడి బూడిద వంక చూస్తోంది.

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు.

*

చెప్పడం మొదలుపెట్టాక ఆగకుండా చెప్పాడు.

ఆ ఏడాది తమ పాటల్లోకి కొల్లేటి పక్షుల అరుపులు పెట్టుకుందామని అతనికి పట్టుకుంది. స్నేహితుడి దగ్గర చిన్న రికార్డింగ్ మెషీను అడిగి తెచ్చాడు. డెబ్బై నాలుగు నిమిషాల డిస్కు. నానికి కూడా చెప్పకుండా, మొదటి బస్సుకి వచ్చి, వెలుగు రాకముందే చెరువుగట్టు మీద నిలబడ్డాడు. చలికి తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. మంచు ఎంత పట్టిందంటే, గట్టు కింద నీళ్ళు కూడా కనబడలేదు. మెషీను ఆన్ చేసి, ఊపిరి చప్పుడు కూడా పడకూడదని నోరు మూసుకుని నిలబడ్డాడు.

"గూడకొంగలు అరిచాయి. తరువాత చాలాసేపు ఏమీ లేదు. చివర్లో ఆ దెబ్బలు మొదలయ్యాయి. చేపలు తోలుతున్నారనుకున్నానమ్మా. ఎంత బాగుందో అనుకున్నాను." అతను చాప అంచు పీచు లాగాడు. "నిజంగా అలాగే అనుకున్నాను, ఎంత బాగుందో అని. డిస్కు అయిపోగానే సంచిలో పెట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోయాను. సాయంత్రం కబురు తెలిసింది."

"రెండో రోజు వచ్చావు" అన్నాడు నాని. "నన్ను పట్టుకుని ఏడ్చావు. మళ్ళీ గుర్తు తెచ్చుకుంటే నీ చొక్కా వాసన కూడా తెలుస్తుంది నాకు. ఎప్పుడొచ్చావురా అనడిగాను. ఇప్పుడే అన్నావు."

'మీరు' పోయింది. కోపంలో అదెప్పుడు జారిపోయిందో నాని చూసుకోలేదు. ఎడ్విన్ చూసుకున్నాడు.

"భయమేసిందిరా."

"దేనికి? చప్పుడు రికార్డు చేస్తే ఎవరైనా జైల్లో పెడతారా? ఆ రోజే చెబితే ఏమయ్యేది?"

నాని చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పోనీ దాచావు. దాచినోడివి దాచుకోకుండా పాటలో ఎందుకు పెట్టావు? మా మామయ్య ఆదివారానికి రెండు ట్రాక్టర్లు మాట్లాడాడు తెలుసా? లంకంతా వస్తారంట, పెద్దింటయ్య కొడుకు వాయిస్తున్నాడని. ఆ స్పీకర్లలో ఆ దెబ్బ పడితే వాళ్ళేమైపోతారు? ఆడవాళ్ళంతా అక్కడ ఏం చేస్తారు, ఆడిటోరియంలో?"

"పారెయ్యలేకపోయాను. దాని మీద ఒక పాట కడితే ఆయనకి ఏదో ఇచ్చినట్టు ఉంటుందనుకున్నాను."

"నాతో చెప్పి ఇవ్వాలి కదరా."

అవును. అంతే కదా. చేసిన తప్పుకి రాగం కట్టి పాడుకుంటే అది ప్రార్థన అయిపోతుందా? ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళ చెవిన వెయ్యకుండా దేవుడికి మాత్రమే వినిపిస్తే సరిపోతుందా? మనలో చాలామందిమి అలాగే చేస్తాం. దేవుడు మనల్ని గుమ్మం ఎక్కి నిలదీయడు కనక, ఆయనతో ఒప్పుకోవడం సులువు.

పెద్దింటమ్మ కొడుకు వంక చెయ్యి ఊపింది, ఆగమన్నట్టు.

"పాట సంగతి మీరూ మీరూ చూసుకోండిరా. నాకు అది కాదు." చాప మీదినుంచి కొంచెం ముందుకు జరిగింది. "బాబూ, నువ్వు అప్పుడు గట్టు మీద ఉన్నావు. ఆ గట్టు కిక్కిసకి దగ్గర. మేము ఇటు ఒడ్డున ఉన్నాం. మా అన్నయ్య, మిగతావాళ్ళు దోనెల్లో అటు చివర ఉన్నారు. అందరికంటే నువ్వే దగ్గర ఉన్నావు. ఆ ఆపుల్లో నీకేమైనా వినబడిందా?"

పెద్దింటమ్మ కొంగు ఒళ్ళోకి లాక్కుంది.

"మూడేళ్ళనుంచీ అందర్నీ అడిగాను. ఏం వినబడలేదు వదినా, ఏం వినబడలేదు అక్కా అనే అన్నారు. నన్ను ఏడిపించడం ఎందుకని అలా అన్నారో, నిజంగానే వినబడలేదో. నువ్వు బయటివాడివి. నాకు నిజం చెప్పు. పలికాడా ఆయన?"

"ఆపుల్లో ఏం వినబడలేదమ్మా."

ఆమె భుజాలు దిగాయి. తేలికపడిందో, ఇంకాస్త కుంగిందో చెప్పడం కష్టం. ఎడ్విన్ అక్కడితో ఆగిపోవచ్చు. చెప్పింది నిజమే. అడిగినదానికి సరైన జవాబే. గ్రేస్ అప్పుడు మొదటిసారి అతని వైపు తిరిగింది. గుడిలో రొట్టె పళ్ళెం దాటిపోతున్నప్పుడు పక్క వరసలోంచి చూసే చూపే అది. అయితే ఆమెకు ముందునుంచీ తెలుసన్నమాట, పేరు తెలియని దేన్నో అతను మోస్తున్నాడని.

"దెబ్బలకి ముందు వినబడింది" అన్నాడు.

నాని గోడ వదిలి ముందుకొచ్చాడు. చెంబులో నీళ్ళు ఒలికాయి.

"అరగంట ముందు. నాకు సరిగా తెలీదు, ఇరవై నిమిషాలో, అరగంటో. గడ్డిలోంచి ఎవరో పిలిచారు. రెండుసార్లు. అరుపు కాదమ్మా, ఒట్టు, సాయం కోసం అరిచినట్టు లేదు. మనిషిని పిలిచినట్టు పిలిచారు. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు, నన్ను కాదు అనుకున్నాను. పలికితే రికార్డింగ్ పాడవుతుందని కదలకుండా నిలబడ్డాను." అతను మొహం చేతుల్లో పెట్టుకోలేదు. పెట్టుకోకూడదని గట్టిగా అనుకుని కూర్చున్నాడు. "ఆ గొంతు ఎవరిదో ఇంటికెళ్ళి డిస్కు విన్నాక తెలిసింది. నేను ఆయన చేతి అన్నం తిన్నవాణ్ణి. తెలియకుండా ఎలా ఉంటుంది."

పక్కింట్లో ఎవరో బిందె కడుగుతున్నారు.

పెద్దింటమ్మ అడిగింది ఎడ్విన్ ఊహించనిది.

"ఆయన గొంతు ఉందా అందులో?"

"అమ్మా..."

"నా దగ్గర ఫొటో ఒకటే ఉంది, రేషను కార్డుది. గొంతు లేదు. కలలోకి వస్తాడు గానీ మాట్లాడడు. ఎలా మాట్లాడేవాడో ఈ మధ్య మర్చిపోతన్నాను బాబూ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అది వినిపించు నాకు. నువ్వు పలకలేదని నేనేమీ అనను. మంచులో ఎవరు మాత్రం ఏం చూస్తారు. నాకు ఒక్కసారి వినిపించు చాలు."

ఎడ్విన్‌కి ఆ క్షణంలో చచ్చిపోతే బాగుండుననిపించింది. తిడతారనీ, కొడతారనీ, ఆల్బమ్ ఆగిపోతుందనీ, నాని దూరమైపోతాడనీ, ఎన్నో రకాలుగా ఈ రోజుని ముందే ఊహించుకున్నాడు. ఈ ఒక్క మాట అతని ఊహలో ఎప్పుడూ లేదు.

"లేదమ్మా. చెరిపేశాను."

"ఏంటి?" అంది గ్రేస్.

"ఆయన పోయిన వారానికి. ఎవరైనా వింటారని భయమేసి, ఆ ముక్క చెరిపేశాను. దెబ్బలు మాత్రం ఉంచాను."

తనను తప్పు పట్టగలిగిన గొంతుని చెరిపి, పాటకి పనికొచ్చే చప్పుడుని దాచుకున్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని జాగ్రత్త అనే పిలుచుకున్నాడు. ఈ వాకిట్లో, ఈమె ముందు పైకి చెప్పాక దానికి ఆ పేరు నిలవలేదు.

నాని చెంబు కింద పెట్టాడు. విసిరెయ్యలేదు, చాలా మెల్లగా పెట్టాడు. "వెళ్ళిపో" అన్నాడు. "నిన్ను రోడ్డు దగ్గర దింపుతాను. ఆదివారం నేను రాను. మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

"ఆగరా" అంది పెద్దింటమ్మ.

"ఇంకేం వింటావమ్మా వీడి దగ్గర?"

"గొంతు లేదన్నాడు. మాట ఉంటుంది కదా." ఆమె ఎడ్విన్ చెయ్యి పట్టుకుంది. చేపల పొలుసుతో గరుకెక్కిన వేళ్ళు. "ఆయన ఆఖరున అన్న మాట నీ ఒక్కడి దగ్గరే ఉంది బాబూ. అది నీది కాదు, నాది. ఎవర్ని పిలిచాడు? నన్నా?"

ఎడ్విన్ నాని వంక చూశాడు. ఇన్నేళ్ళూ దాచింది ఆ అమ్మ నుంచి కాదు, ఇతని నుంచి. చెరిపింది కూడా ఇతని చెవిన పడకూడదనే. అందులో కొంత నిజంగానే ప్రేమ ఉంది. ఎంతో అతను చెప్పలేడు.

"చెప్పండి" అంది గ్రేస్. మెత్తగానే అంది. "అమ్మ అడుగుతున్నారు కదండి."

"'నానీ, వచ్చావా' అన్నారు." ఎడ్విన్ ఆగాడు. "కాసేపాగి, 'నానీ, ఇటు రా' అన్నారు. అంతే. ఈ లంకల్లో ఇంటికొక నాని ఉంటాడు కదా, ఏ ఇంటి నానినో అనుకున్నాను. మన నాని గూడెంలో ఉన్నాడని నాకు తెలుసు. మంచు ఒక క్షణం పలచబడి, గట్టు మీద తువ్వాలు చుట్టుకున్న మనిషి ఆకారం కనబడి ఉంటుంది. నన్ను చూసి నువ్వనుకున్నారురా."

పెద్దింటమ్మ తల అడ్డంగా ఊపింది. "అదేంటి బాబూ. వీడు ఇక్కడ లేడని ఆయనకి తెలుసు. మనసులో వీడే ఉండి అలా అనిపించి ఉంటుంది."

"కాదమ్మా" అన్నాడు నాని.

అతను వాకిట్లో మట్టి మీదే కూలబడ్డాడు. ఇందాకటి కోపం మొహంలో ఎక్కడా లేదు. ఇరవై ఏడేళ్ళ మనిషి, ఏదో పగలగొట్టి దొరికిపోయిన పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందు రోజు సాయంత్రం నాన్న ఊళ్ళో బూత్ నుంచి గోడౌనుకి ఫోన్ చేశాడు. భుజం నొప్పిగా ఉంది, వల ఒక్కడినే లాగలేను, పొద్దున్నకి రాగలవా అనడిగాడు. అమ్మకి చెప్పకు, నొప్పి అంటే పనికి పోనివ్వదు అన్నాడు." ఒళ్ళోని చేతులు చూసుకున్నాడు. "వస్తానన్నాను. మొదటి బస్సుకి వచ్చి గట్టు మీద నిలబడతాను, నువ్వు కిక్కిసలో ఉంటే పిలువు అని నేనే చెప్పాను."

గ్రేస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దింటమ్మ ఎడ్విన్ చెయ్యి వదిలేసి కొడుకు వైపు తిరిగింది.

"వస్తానని చెప్పి ఎందుకు రాలేదురా?" అంది.

నాని తల్లి వంక చూడలేదు, ఎడ్విన్ వంకా చూడలేదు. తల ఎత్తి గ్రేస్‌ని చూశాడు. గ్రేస్ మొహం పాలిపోయింది.

"నేను చెబుతాను" అంది ఆమె.